కొత్త రోగం వచ్చినప్పుడు పాత రోగి ఎవరి పూచీ?

మహమ్మారి ప్రబలినప్పుడు మరణించేవారు రెండు రకాలు. ఆ రోగం సోకి మరణించేవారు మొదటి రకం. వారి లెక్కను ప్రభుత్వం ప్రతి సాయంత్రం ప్రకటిస్తుంది, మరునాడు పత్రికలు అచ్చు వేస్తాయి. ఆ రోగం సోకకుండానే, దాని మూలంగా ఆస్పత్రి తలుపులు మూతపడి, బస్సులు ఆగిపోయి, మందుల షాపులో మందు దొరక్క మరణించేవారు రెండవ రకం. వీరి లెక్క ఏ సాయంత్రమూ ఎవరూ ప్రకటించరు. షుగరు, రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి, ఉబ్బసం, మూర్ఛ, క్షయ, క్యాన్సర్ - ఇలాంటి దీర్ఘవ్యాధులతో బతుకుతున్నవారే ఈ రెండవ వరుసలో అధికంగా ఉంటారు.

కరోనా విపత్తును అత్యవసర పరిస్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ప్రకటించింది, 2023 మే 5న అది ముగిసిందని చెప్పింది. ఆ తరువాత ప్రపంచ దేశాలు కూర్చుని రాబోయే మహమ్మారిని ఎలా ఎదుర్కోవాలన్న విషయమై సుదీర్ఘంగా చర్చించి, 2025 మే 20న జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించాయి. టీకాలు, మందులు అన్ని దేశాలకూ అందాలన్న అంశంతోపాటు, మహమ్మారి కాలంలో కూడా మామూలు వైద్యసేవలు ఆగకూడదన్న అంశం అందులో ఉంది. జెనీవాలో కాగితం మీద రాసుకున్న ఆ మాట మన మొహల్లాలోని షుగరు రోగి గడప వరకు ఎలా వస్తుంది? దానికి ప్రభుత్వం ఏం చేయాలి, సమాజంగా మనం ఏం చేయాలి? ఈ ప్రశ్నలను మహమ్మారి లేని రోజుల్లోనే అడగాలి. ఇల్లు తగలబడుతున్నప్పుడు బావి తవ్వితే ప్రయోజనం లేదని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఆనాడు ఏం జరిగింది?

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. నాలుగు గంటల వ్యవధిలో అది అమలులోకి వచ్చింది. బస్సులు, రైళ్లు, ఆటోలు అన్నీ ఆగిపోయాయి. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులను కరోనాకు కేటాయించారు. మన రాష్ట్రాల పేదలకు పెద్ద దిక్కయిన సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి పూర్తిగా కరోనా ఆస్పత్రిగా మారింది. అక్కడ వైద్యం పొందుతున్న ఇతర రోగులు ఉస్మానియాకు, మరో చోటికి వెళ్లవలసి వచ్చింది. ఆ ఉస్మానియా పరిస్థితి ఏమిటి? 2020 జులైలో కురిసిన వానకు పాత భవనంలోని వార్డుల్లోకి మురుగునీరు ప్రవేశించింది, ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. అంటే ఒక దవాఖానా మహమ్మారికి పోయింది, రెండవది వాననీటికి పోయింది. గాంధీలో మామూలు సేవలు ఆ ఏడాది నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో రెండవ ఉధృతి రాగానే అవి తిరిగి ఆగిపోయాయి.

ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదు. 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాలలో విచారణ జరిపింది. రక్తపోటు చికిత్స 53 శాతం దేశాలలో, షుగరు చికిత్స 49 శాతం దేశాలలో, క్యాన్సర్ చికిత్స 42 శాతం దేశాలలో కొంతగానో పూర్తిగానో దెబ్బతిన్నదని అందులో తేలింది. గుండెపోటు, పక్షవాతం లాంటి అత్యవసర వైద్యం సైతం 31 శాతం దేశాలలో కుంటుపడింది. ఈ వ్యాధులు చూసే సిబ్బందిని కరోనా పనికి మళ్లించిన దేశాలు 94 శాతం.

మన దేశం సంగతి చూద్దాం. 41 క్యాన్సర్ కేంద్రాలలో 2020 మార్చి నుండి మే వరకు నమోదైన కొత్త రోగులు 51,760 మంది. అంతకు ముందు ఏడాది అవే మూడు నెలల్లో నమోదైనవారు 1,12,270 మంది. క్యాన్సర్ సగానికి తగ్గిందని దీనికి అర్థం కాదు. సగం మంది రోగులు గడప దాటలేకపోయారని అర్థం. క్షయ విషయమూ అంతే. 2019లో దేశంలో 24 లక్షల పైచిలుకు క్షయ రోగులు నమోదు కాగా, 2020లో ఆ సంఖ్య 18 లక్షలకు పడిపోయింది. మిగిలిన ఆరు లక్షల మంది ఎక్కడ ఉన్నారు? ఇంటిలోనే దగ్గుతూ, ఇంటివారికి అంటిస్తూ ఉండిపోయారు.

అన్నిటికన్నా బాధాకరమైనది డయాలసిస్ రోగుల కథ. మూత్రపిండాలు చెడిపోయినవారికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం ద్వారా రక్తం శుభ్రం చేయాలి. ఒకటి రెండు దఫాలు తప్పితే ఒంటిలో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. దేశంలోని 19 పెద్ద ఆస్పత్రులలో 2,517 మంది డయాలసిస్ రోగులను పరిశీలించగా, లాక్‌డౌన్ వారాలలో 28 శాతం మంది ఒకటో అంతకన్నా ఎక్కువో దఫాలు తప్పిపోయారని వెల్లడైంది. రాజస్థాన్‌లో ప్రభుత్వ బీమా కింద డయాలసిస్ చేయించుకుంటున్న పేదలను విచారించినప్పుడు 63 శాతం మందికి చికిత్సలో అంతరాయం కలిగిందని, ఆ నెలల్లో వారిలో మరణాలు పెరిగాయని తేలింది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటా మూత్రపిండాల రోగులున్న సంగతి పాఠకులకు తెలిసిందే. డయాలసిస్ కేంద్రానికి చేరితేగాని చికిత్స లేని ఆ రోగులకు బస్సు ఆగిపోవడం అంటే ఏమిటో వివరించి చెప్పనక్కర్లేదు.

మందు ఆగితే ఏమవుతుంది?

చాలామంది సోదరులు ఒక పొరపాటు అభిప్రాయంలో ఉన్నారు. నొప్పి ఉంటే మందు వేసుకోవాలి, నొప్పి లేకపోతే ఆపవచ్చునని వారి ఊహ. దీర్ఘవ్యాధుల స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. రక్తపోటు మాత్ర మానేసిన మరునాడు ఏ బాధా తెలియదు. వారం గడిచినా తెలియదు. ఒకరోజు ఫజ్ర్ నమాజుకు లేవబోయే మనిషి ఒక చెయ్యి, ఒక కాలు కదలక మంచంలోనే ఉండిపోతాడు. మూర్ఛ మాత్ర హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. పుట్టుకతోనో చిన్నతనంలోనో షుగరు వచ్చిన పిల్లలకు ఇన్సులిన్ ఒకటి రెండు రోజులు అందకపోయినా రక్తం విషతుల్యమై ప్రాణం మీదికి వస్తుంది. క్షయ మందు మధ్యలో వదిలితే క్రిమి మొండిబారి మామూలు మందులకు లొంగదు. తలసీమియా పిల్లలకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. రక్తదాన శిబిరాలు ఆగిపోతే ఆ పిల్లల ముఖాలు పాలిపోతాయి.

మా బస్తీలో ఒక దర్జీ ఉన్నారు. రంజాన్ ముందు నాలుగు కుట్టు మిషన్లు రాత్రింబవళ్లు నడిచే దుకాణం. 2020 లాక్‌డౌన్‌లో పని పోయింది, ఇన్సులిన్ కొనడానికి డబ్బు చాలలేదు. రోజుకు రెండు సూదులు వేసుకునే మనిషి ఒకటితో సరిపెట్టుకున్నారు, తరువాత అదీ మానేశారు. పాదం మీద చిన్న పుండు లేచింది. ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే కరోనా పరీక్ష రిపోర్టు లేనిదే లోపలికి రానివ్వమన్నారు. రిపోర్టు వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి. చివరికి మోకాలి కింది వరకు కాలు తీసివేశారు. ఆయనకు కరోనా సోకలేదు. రిపోర్టులో అదే రాసి ఉంది. కుట్టు మిషను తొక్కే కాలు పోయిన ఆ మనిషి ఏ లెక్కలోకి వస్తారు?

ఇలాంటి నిర్లక్ష్యానికి మూల్యం మహమ్మారి రెండవ ఉధృతిలో సామూహికంగా చెల్లించాం. 2021 వేసవిలో తెలుగు రాష్ట్రాలను వణికించిన బ్లాక్ ఫంగస్ ఎక్కువగా సోకింది షుగరు అదుపులో లేనివారికే. కరోనా చికిత్సలో ఇచ్చిన స్టెరాయిడ్లు రక్తంలోని చక్కెరను ఇంకా పెంచాయి. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది. కన్ను కోల్పోయినవారు, దవడ కోల్పోయినవారు మనలో ఎందరో ఉన్నారు. పాత వ్యాధిని పట్టించుకోకుండా కొత్త వ్యాధితో పోరాడటం సాధ్యం కాదనడానికి ఇంతకన్నా రుజువు అవసరమా?

వదంతుల విషం

మందు దొరకనివారు కొందరైతే, దొరికినా మానుకున్నవారు మరికొందరు. కొన్ని రకాల రక్తపోటు మాత్రలు కరోనాను పెంచుతాయని 2020 మార్చిలో ఒక ప్రచారం ఫోన్ల ద్వారా పాకింది. గుండె వైద్యుల సంఘాలు వెంటనే ఖండించి, డాక్టరు చెప్పనిదే ఏ మాత్రా ఆపవద్దని హెచ్చరించాయి. వదంతి ఫోనులో పాకినంత వేగంగా ఆ హెచ్చరిక పాకలేదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రల కథ ఇంకా విచిత్రం. కీళ్లవాతం, లూపస్ ఉన్నవారు ఏళ్ల తరబడి వాడే మందు ఇది. కరోనా రాకుండా వైద్య సిబ్బంది దీనిని వాడవచ్చునని 2020 మార్చి 23న ప్రకటన వెలువడగానే ఆరోగ్యవంతులు సైతం ఎగబడి కొని ఇంట్లో దాచుకున్నారు. మూడు రోజులకే ప్రభుత్వం దాని అమ్మకంపై ఆంక్షలు విధించవలసి వచ్చింది. ఆ మందు కరోనాకు పనిచేయదని తరువాత పరిశోధనలలో తేలింది. ఈలోగా దాని అవసరం నిజంగా ఉన్న రోగులు షాపుల చుట్టూ తిరిగారు. అవసరం లేనివాడు దాచుకున్న మందు అవసరమున్నవాడి నోటి దగ్గరి నుండి లాక్కున్న మందే. సరుకు దాచిపెట్టి ప్రజలను ఇబ్బందిపెట్టడాన్ని ఇస్లాం నిషేధించింది. ధాన్యానికి వర్తించే ఈ నియమం మందుకు వర్తించదా?

మన సమాజంలో మరొక బలహీనత ఉంది. కలోంజీ, మెంతులు, కషాయం తీసుకుంటే షుగరు పోతుందని చెప్పేవారు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. కలోంజీలో మేలు ఉందని హదీసుల ద్వారా మనకు తెలుసు. దానిని ఎవరూ కాదనరు. అయితే ఇన్సులిన్ ఆపి కలోంజీ తినమని దైవప్రవక్త (సఅసం) ఎక్కడా చెప్పలేదు. వైద్యం చేయించుకోమని ఆయన స్వయంగా ఆదేశించారు, నిపుణుడైన హకీము దగ్గరికి రోగిని పంపించారు. యునానీ వైద్యం చేయించుకోదలచినవారు అర్హత గల హకీము సాహెబును సంప్రదించాలి, తాము వాడుతున్న ఇతర మందుల సంగతి ఆయనకు దాచకుండా చెప్పాలి.

మనకు ప్రత్యేకించి ఎదురైన అడ్డంకులు

2020 ఏప్రిల్ నాటి వాతావరణాన్ని ముస్లిం పాఠకులు మరిచిపోయి ఉండరు. ఢిల్లీ మర్కజ్ వ్యవహారం తరువాత కొన్ని టీవీ ఛానళ్లు రోగానికి మతాన్ని అంటగట్టాయి. కూరగాయలు అమ్ముకునేవారిని పేరు అడిగి వెళ్లగొట్టిన సంఘటనలు దేశంలో జరిగాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టులో విదేశీ జమాత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, విపత్తు వేళ వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని వ్యక్తం చేసింది. తీర్పు వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆస్పత్రికి వెళ్తే అవమానిస్తారేమో, దగ్గితే పట్టుకుపోతారేమో అన్న భయంతో గుండెనొప్పి వచ్చినా ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలు మన బస్తీలలో ఉన్నాయి.

ఈ అన్యాయాన్ని గుర్తుంచుకోవాలి, న్యాయబద్ధంగా ప్రశ్నించాలి. అదే సమయంలో భయానికి లొంగి చికిత్స మానుకోవడం వల్ల నష్టపోయింది మనమే అన్న వాస్తవాన్ని కూడా గుర్తించాలి. అవమానించిన సిబ్బంది ఉన్న చోటనే, ప్రాణాలకు తెగించి మన తల్లిదండ్రులకు సేవ చేసిన డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు కూడా ఉన్నారు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

మన ఆడవారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇంటిల్లిపాదికీ వడ్డించి మిగిలినది తినే అమ్మీజాన్, తన మాత్రల డబ్బు కూడా పిల్లల ఫీజులో కలిపేస్తుంది. మామూలు రోజుల్లోనే తన జబ్బు బయటికి చెప్పని మనిషి, లాక్‌డౌన్‌లో మందు అయిపోయిందని ఎవరికి చెబుతుంది? ఇంటి మగవారు నెలకొకసారైనా ఆమె మాత్రల డబ్బా తెరిచి చూడటం సున్నతుకు తగిన సత్ప్రవర్తనే అవుతుంది.

మహమ్మారి, తవక్కుల్, రోగి హక్కు

మహమ్మారి ఉన్న ఊరిలోకి వెళ్లవద్దని, ఉన్నవారు ఆ ఊరు విడిచి పోవద్దని దైవప్రవక్త (సఅసం) బోధించిన విషయం అందరికీ తెలుసు. హిజ్రీ 18వ సంవత్సరంలో సిరియా ప్రాంతంలో అమ్వాస్ ప్లేగు వ్యాపించినప్పుడు, అటు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సహచరులను సంప్రదించి సర్గ్ అనే చోటి నుండి వెనక్కి మరలారు. విధి నుండి పారిపోతున్నారా అన్న ప్రశ్నకు, ఒక విధి నుండి మరొక విధి వైపే వెళ్తున్నామన్న భావంతో ఆయన ఇచ్చిన సమాధానం చరిత్రలో నిలిచిపోయింది. లాక్‌డౌన్ కాలంలో ఈ సంఘటనను మన ఖతీబులు ఎన్నోసార్లు ప్రస్తావించారు. మంచిదే.

అయితే ఆ హదీసులో రెండవ భాగాన్ని మనం తగినంతగా ఆలోచించలేదని నా అభిప్రాయం. ఊరు విడిచి పోవద్దని ఎందుకు అన్నారు? రోగం ఇతరులకు వ్యాపించకుండా ఉండటానికి అన్నది ఒక కారణం. ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా ఉలూముద్దీన్ గ్రంథంలో తవక్కుల్ గురించి రాస్తూ మరో కారణం చూపించారు. ఆరోగ్యవంతులందరూ వెళ్లిపోతే ఊరిలో రోగులు మాత్రమే మిగులుతారు, వారికి నీళ్లిచ్చేవారు, అన్నం పెట్టేవారు ఉండరు, వారు చూస్తూ చూస్తూ నశిస్తారు అన్నది దాని సారాంశం. తొమ్మిది వందల ఏళ్ల క్రితం చెప్పిన మాట ఇది. రాకపోకలు ఆపడం ఎంత అవసరమో, ఆగిపోయిన చోట రోగిని చూసుకోవడం అంతే అవసరమన్నది దీని నుండి మనం గ్రహించవలసిన విషయం. మొదటి సగాన్ని పోలీసులు లాఠీతో అమలు చేశారు. రెండవ సగం ఎవరి బాధ్యతో ఎవరూ నిర్ణయించలేదు.

రోగిని పరామర్శించడం, అంటే ఇయాదత్, ఒక ముస్లింపై మరొక ముస్లింకు ఉన్న హక్కు. మహమ్మారి కాలంలో మంచం పక్కన కూర్చోలేకపోవచ్చు. కాని ఫోనులో పలకరించి "మందులున్నాయా? ఎన్ని రోజులకున్నాయి?" అని అడగడం కూడా ఇయాదతే. ఉర్దూలో దవా, దువా అని జంటగా అంటాం. రోగికి ఈ రెండూ కావాలి. దువా ఒక్కటే పంపి దవా సంగతి మరిచిపోతే ఆ పరామర్శ సగంలోనే ఆగిపోయినట్లు.

ప్రభుత్వం చేసినది, చేయవలసినది

న్యాయంగా మాట్లాడాలంటే ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. డాక్టరు ఫోను ద్వారా రోగిని చూసి మందు రాసే పద్ధతికి 2020 మార్చి 25న నియమావళి వెలువడింది. మరునాడే మందులను ఇంటికి చేర్చడానికి దుకాణాలకు అనుమతి ఇచ్చారు. ఏప్రిల్ 13న ఈ-సంజీవని ద్వారా ఇంటి నుండే ఉచితంగా డాక్టరును సంప్రదించే వీలు కల్పించారు. షుగరు, రక్తపోటు రోగులకు మూడు నెలల వరకు సరిపడే మందులు ఆశా కార్యకర్తల ద్వారా, ఉపకేంద్రాల ద్వారా అందించాలని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్ 14న రాష్ట్రాలకు సూచించింది.

ఈ ఆదేశాలు మంచివే. కాని లాక్‌డౌన్ మొదలైన మూడు వారాల తరువాత వచ్చిన ఆదేశం, ఒక నెల మందు మాత్రమే ఇచ్చే అలవాటున్న వ్యవస్థకు చేరి, మందు నిల్వలు సమకూరి, రోగి చేతికి అందేసరికి ఎంత కాలం పడుతుంది? పట్టిక ముందే ఉన్న చోట, అంటే ఏ ఇంట్లో ఏ రోగి ఉన్నాడు, ఏ మందు వాడుతున్నాడు అన్న వివరం ఏఎన్ఎం పుస్తకంలో రాసి ఉన్న చోట, మందు ఇంటికి చేరడం సులువు. ఆ పట్టిక లేని చోట ఆశా కార్యకర్త ఎవరి తలుపు తట్టాలి? స్మార్ట్ ఫోను లేని వృద్ధురాలికి ఈ-సంజీవని ఎలా ఉపయోగపడుతుంది? ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుని మందుల షాపులో కొనుక్కునే రోగి, ప్రభుత్వ పట్టికలో ఎక్కడున్నాడు? నగరాల పేద బస్తీలలో మనవారిలో అధికులు ఈ చివరి కోవకు చెందినవారే.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. పెద్దవారిలో 35 శాతానికి పైగా రక్తపోటు ఉంది. ఇంత పెద్ద సంఖ్యను విపత్తు వచ్చాక ఆదుకోవడం అసాధ్యం. అందుచేత ప్రభుత్వాల ముందు నాలుగు కోరికలు ఉంచవచ్చు.

మొదటిది, ఒక జిల్లాలోని అన్ని పెద్ద ఆస్పత్రులను ఒకేసారి మహమ్మారికి కేటాయించకూడదు. డయాలసిస్, క్యాన్సర్, కాన్పు, గుండెపోటు రోగులు ఏ ఆస్పత్రికి వెళ్లాలో ముందే నిర్ణయించి ప్రకటించాలి. రెండవది, దీర్ఘవ్యాధుల రోగులకు మామూలు రోజుల్లోనే రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతిని స్థిరపరచాలి. మూడవది, డయాలసిస్ కార్డు, క్షయ కార్డు, తలసీమియా కార్డు ఉన్నవారికి వేరే పాసు అవసరం లేకుండా ఆ కార్డే ప్రయాణ అనుమతిగా చెల్లాలి. నాలుగవది, మహమ్మారి మరణాల లెక్కతోపాటు, చికిత్స అందక మరణించినవారి లెక్కను కూడా ప్రతి జిల్లాలో సేకరించి ప్రజల ముందు ఉంచాలి. లెక్కలోకి రానివాడు ప్రణాళికలోకి రాడు.

మస్జిదు చేయగలిగినది

ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. చేయగలిగినది చేయడం మన విధి. ప్రతి మొహల్లాలో మస్జిదు ఉంది, కమిటీ ఉంది, జుమా రోజున ఆ మొహల్లా మగవారిలో అధికులు ఒకచోట చేరుతారు. ఇలాంటి ఏర్పాటు డబ్బు పెట్టి కొన్నా దొరకదు. రెండవ ఉధృతిలో మన యువకులు ఆక్సిజన్ సిలిండర్లు మోశారు, మతం చూడకుండా మృతదేహాలకు అంతిమ సంస్కారాలు జరిపించారు. హైదరాబాద్ పాతబస్తీలో కొన్ని మస్జిదుల ఆవరణలలో ఉచిత వైద్యశాలలు నడుస్తున్నాయి. అంటే శక్తి ఉంది, కొరవడినది క్రమబద్ధమైన ఏర్పాటు.

ప్రతి మస్జిదు కమిటీ ఒక పుస్తకం పెట్టుకోవచ్చు. అందులో మొహల్లాలోని దీర్ఘరోగుల పేరు, ఫోను, మందు పేరు, మోతాదు, వారి డాక్టరు, వారిని చూసుకునే మనిషి - ఇవి చాలు. ముస్లిమేతర ఇరుగుపొరుగువారు కోరితే వారి పేర్లు కూడా రాసుకోవాలి. పొరుగువాని హక్కు మతం చూసి తగ్గదు. ఈ పుస్తకం అమానత్. రోగి జబ్బు వివరం నలుగురిలో చర్చించడం ద్రోహం అవుతుంది. కనుక దానిని నమ్మకస్తుడైన ఒకరి దగ్గర ఉంచాలి. స్త్రీల వివరాలు స్త్రీల ద్వారానే సేకరించాలి. ఇద్దరు ముగ్గురు యువకులను మందులు తెచ్చి ఇచ్చే పనికి, ఒక ఆటోను డయాలసిస్ రోగులకు, రక్తదాతల పట్టికను తలసీమియా పిల్లలకు ముందే కేటాయించుకోవాలి.

డబ్బు మాట వచ్చినప్పుడు జకాత్ గుర్తుకు రావాలి. జకాత్ తీసుకోవడానికి అర్హుడైన పేద రోగికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ కొని అతనికి సొంతం చేస్తే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ నెరవేరుతుంది. భవనాలకు, యంత్రాలకు మాత్రం జకాత్ సొమ్ము కాక సదఖా, చందా సొమ్ము వాడాలి. వివరాలకు స్థానిక ఉలమాను సంప్రదించండి. జన ఔషధి కేంద్రాలలో అవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి కనుక, అదే సొమ్ముతో ఎక్కువమందికి సహాయం అందుతుంది.

ఇంట్లో చేయవలసినది

డాక్టరు చీటీని ఫోనులో ఫోటో తీసి, ఒక నకలు ఇంట్లోనూ ఉంచండి. వాడే మందుల పేర్లు కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి. మందు చివరి మాత్ర వరకు ఆగకుండా, రెండు వారాలకు ఉండగానే కొత్తది తెచ్చుకోండి. ఒక నెల మందు అదనంగా ఉంచుకోవడం జాగ్రత్త. ఏడాదికి సరిపడా దాచుకోవడం ఇతరుల హక్కును కాజేయడం. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో, గడ్డకట్టని చోట ఉంచాలి. కరెంటు లేనప్పుడు, ఫ్రిజ్ లేని ఇంట్లో, తడి చేరకుండా డబ్బాలో పెట్టి మట్టికుండలో నీడపట్టున ఉంచవచ్చు. రక్తపోటు చూసే యంత్రం, షుగరు చూసే యంత్రం నాలుగు ఇళ్లు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది. సూది మాత్రం ఎవరిది వారికే ఉండాలి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం - ఇవి కనిపిస్తే ఏ మహమ్మారి ఉన్నా, ఏ ఆంక్ష ఉన్నా 108కి ఫోను చేయడమే. మనసు కుంగిపోయినవారు 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

2020లోనూ 2021లోనూ రంజాన్ మాసం మహమ్మారి మధ్యలోనే వచ్చింది. రోగికి ఉపవాసం నుండి అల్లాహ్ మినహాయింపు ఇచ్చాడు. ఆ మినహాయింపును స్వీకరించడం ఈమాన్ తక్కువ కావడం కాదు. ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల రోగులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు రంజాన్‌కు నెల రెండు నెలల ముందే డాక్టరును అడగాలి. ఉపవాసం ఉండగలిగినవారికి డాక్టరు మందుల వేళలు సహరీ, ఇఫ్తార్ వేళలకు తగినట్లుగా మార్చి ఇస్తారు. సొంతంగా మార్చుకోకూడదు. వేలి నుండి రక్తపు చుక్క తీసి షుగరు చూసుకోవడం వల్ల ఉపవాసం భంగం కాదని ఉలమా చెప్పారు. షుగరు బాగా పడిపోతే ఉపవాసం విరమించి ప్రాణం కాపాడుకోవడమే ధర్మం. ఆస్పత్రులు అందుబాటులో లేని రోజుల్లో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

సోదరులారా! రాబోయే మహమ్మారి ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది కొత్త పేరుతో వస్తుంది. కాని దానివల్ల ముందుగా నలిగిపోయేవారి పేర్లు మనకు ఇప్పుడే తెలుసు. వారు మన మస్జిదులో కుర్చీలో కూర్చుని నమాజు చేసే పెద్దాయన, పక్కింట్లో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే అమ్మ, బడిలో భోజనానికి ముందు సూది వేసుకునే పిల్ల. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్ మీద భరోసా ఉంచమన్న ప్రవక్త (సఅసం) బోధన మనకు ఉంది. ఈ శుక్రవారం నమాజు తరువాత కమిటీవారు పది నిమిషాలు కూర్చుని, ఒక పుస్తకం తెరిచి, మొదటి పేరు రాస్తే ఆ కట్టు వేయడం మొదలైనట్లే. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! వారిని ఆదుకునే సద్బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.